సర్పంచి కుర్చీ ఇచ్చారు, మోటారు బాగుచేయించడానికి డబ్బు లేదు. అమ్మని మళ్ళీ నిలబడమనాలా, వద్దనాలా?

నాగావళి_గట్టు
మాది ఆమదాలవలస అవతల చిన్న ఊరు. పేరు చెప్పను, చెప్తే రేపు సాయంత్రానికల్లా అమ్మకి చేరిపోతుంది. 2021 ఫిబ్రవరిలో మహిళా రిజర్వేషన్ వచ్చిందని ఊళ్ళోవాళ్ళే వచ్చి అమ్మని నిలబెట్టారు. ఉంగరం గుర్తు, 63 ఓట్ల తేడాతో గెలిచింది. ఐదేళ్లు అయిపోతున్నాయి, ఇప్పుడు ఎవరి అరుగు మీద కూర్చున్నా ఒకటే మాట, "మీ అమ్మ సర్పంచయ్యి ఏటి సేసింది?"

సంక్రాంతికి వెళ్ళేసరికి ట్యాంకు మోటారు కాలిపోయి మూడో రోజు. ఆడవాళ్ళు బిందెలతో మా గుమ్మంలో కూర్చున్నారు. గ్రామ సచివాలయంలో అడిగితే ఆ పద్దులో డబ్బుల్లేవన్నారు. అమ్మ చేతి గాజులు తాకట్టు పెట్టి వైండింగ్ చేయించింది. ఇలా చెయ్యడం ఇది రెండోసారి. గౌరవ వేతనం నెలకి 3,000, అది ఎప్పుడు పడుతుందో పడినప్పుడే తెలుస్తుంది.

ఇది చాలదన్నట్టు పెద్దమనుషులు కొత్త మాట తెచ్చారు. ఈసారి పోటీ వద్దంట, రామాలయానికి ఎవరెక్కువ రాసిస్తే వాళ్ళే ఏకగ్రీవంగా సర్పంచంట. అమ్మ మాత్రం రిజర్వేషన్ ఏదొచ్చినా తన పేరు కుదిరితే నిలబడతానంటోంది. నాన్నకి ఇష్టం లేదు. మధ్యలో నాకు టెన్షన్. డిగ్రీలో పంచాయతీలకి అధికారాలిచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గురించి నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఇప్పుడు ఆ నాలుగు పేజీలూ అబద్ధాలే రాశాననిపిస్తోంది.

చీపురుపల్లి_చిన్నోడు
ముందు ఇది చెప్పు. ఐదేళ్లూ సర్పంచి మీ అమ్మా, మీ నాన్నా?

నాగావళి_గట్టు
మొదటి ఏడాది నాన్నే, ఒప్పుకుంటాను. అమ్మ మీటింగుకి వెళ్తే "ఆయన రాలేదేటమ్మా" అని అడిగేవారు. తర్వాత నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యి మంచం ఎక్కారు. అమ్మ ఒక్కతే ఆటో ఎక్కి మండలానికి వెళ్ళడం మొదలెట్టింది. ఆ మోకాలే మా ఊళ్ళో మహిళా సాధికారత తెచ్చింది.

పలాస_జీడిపిక్క
మోకాలికి శాలువా కప్పండి ముందు.

బొబ్బిలి_గడియారం
ఎవరికీ నచ్చదు గానీ చెప్తాను. ఈ సర్పంచి పదవి తీసేస్తే పోయేదేం లేదు. పింఛను సచివాలయం వాళ్ళు ఇస్తారు, రేషను ఇంకొకళ్ళు, రోడ్డు ఎమ్మెల్యే వేయిస్తాడు, ఇల్లు పైనుంచి వస్తుంది. సర్పంచి జెండా ఎగరేస్తాడు, ఆగస్టు 15న పిల్లలకి బిస్కెట్లు పంచుతాడు. దీనికోసం తలలు పగలగొట్టుకోవడం ఎందుకు?

తోటపల్లి_తాత
గడియారం బాబూ, నువ్వు ఎప్పుడు పుట్టావో తెలీదు గానీ నేను మునసబులు, కరణాలు ఊరిని ఏలిన కాలం చూసినవాణ్ణి. మా ఊరి మునసబు గారి ముందు మా నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. కరణం దస్త్రంలో మా గరువు భూమి ఎవరి పేరున ఉందో కరణానికీ దేవుడికీ తెలియాలి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దు చేసిన రోజు మా వీధిలో జంతికలు పంచారు. పంచాయతీ అప్పుడూ ఉండేది, ఎన్నికలే ఉండేవి కావు. 1970లో ఒకటి జరిగితే మళ్ళీ 1981లో. పదకొండేళ్లు! మధ్యలో పుట్టినోడు బడికి పోయి అక్షరాలన్నీ నేర్చేసుకున్నాడు.

ఆ పరిస్థితి చూసే ఐదేళ్లకోసారి ఎన్నిక జరిగి తీరాలని రాజ్యాంగంలో రాశారు. 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు. మన రాష్ట్రం చట్టం 1994లో వచ్చింది, 95లో ఎన్నిక. మా వార్డులో ఒక పాలికాపు, అంటే జీతగాడి, కొడుకు మెంబరయ్యాడు. బుగతల, అంటే భూస్వాముల, కుర్రాడు ఆ మీటింగుకి నెల రోజులు రాలేదు, అతని పక్కన కూర్చోవాల్సి వస్తుందని. తర్వాత వచ్చాడు. కూర్చున్నాడు. బిస్కెట్లు పంచే కుర్చీయే అంటున్నావే, ఆ బిస్కెట్లు ఎవడి చేతిలోంచి ఎవడు తీసుకుంటున్నాడో చూడు.

బొబ్బిలి_గడియారం
తాతా, కాదనను. కానీ పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ ఖాళీ విస్తరి వేశారు కదా. నా గోల అది.

సిరిమాను_63
ఐదేళ్లకోసారి జరిగి తీరాలి అన్నారు తాత. జరిగిందా? 2006లో గెలిచినవాళ్ళ గడువు 2011లో అయిపోతే ఎన్నిక 2013 జూలైలో. వాళ్ళది 2018 ఆగస్టులో అయిపోతే మళ్ళీ 2021 ఫిబ్రవరిలో. మధ్యలో సర్పంచుల బదులు ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్లు. మా ఊరికి వచ్చినాయనకి ఇంకో నాలుగు ఊళ్ళున్నాయి, మా వీధి పేర్లు కూడా తెలీవు. పాపం ఆయన తప్పేం లేదు. అప్పుడు ఒక పార్టీ, ఇప్పుడు ఒక పార్టీ అని కాదు, ఎవరు కుర్చీలో ఉన్నా ఊళ్ళో ఎన్నికంటే బద్ధకమే. అసెంబ్లీకి ఒక్కసారైనా ఇలా రెండున్నరేళ్లు ఆలస్యం చేసి చూడమనండి!

రిటైర్డ్_కార్యదర్శి
మూడు దశాబ్దాలు పంచాయతీల్లోనే పనిచేశాను, విజయనగరం జిల్లాలో ఎక్కువ. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

సిరిమాను గారు చెప్పిన ఆలస్యం ఖరీదు చాలామందికి తెలీదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది. 2018 నుంచి 21 దాకా అదే జరిగింది. నాగావళి గారి అమ్మగారు కుర్చీ ఎక్కేసరికి ఖజానా ఖాళీ, వీధిలైట్ల కరెంటు బకాయిలు నెత్తి మీద. తర్వాత వచ్చిన ఆర్థిక సంఘం డబ్బుని కూడా ఆ బకాయిలకి సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు, పార్టీ తేడా లేకుండా. ఫోన్లో మెసేజ్ చూసుకుని "నా సంతకం లేకుండా నా ఊరి డబ్బు ఎలా పోయింది" అని ఒకావిడ నా ముందే ఏడ్చింది.

ఇక సొంత ఆదాయం. ఇంటి పన్ను, కుళాయి పన్ను, చెరువులో చేపల వేలం, సంత ఉంటే ఆశీలు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా. భోగాపురం వైపు భూములు చేతులు మారే ఊళ్ళకి ఆ వాటా బాగానే వస్తుంది, మీ ఊరికి రాదు. ఇంటి పన్ను పెంచుదామంటే సర్పంచికి ఓట్ల భయం. పెంచకపోతే బ్లీచింగ్ పౌడరుకి కూడా చెయ్యి చాపాలి.

పై నుంచి వచ్చేదానికి తాడు కట్టి ఇస్తారు. పదిహేనో ఆర్థిక సంఘం (2021-26) డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి ఇష్టం, అందులోనూ జీతాలకి వాడకూడదు. అంటే చూడండి, మీ మోటారు తాగునీటి పద్దులోకే వస్తుంది. డబ్బు ఉండి ఉండవచ్చు కూడా. కానీ ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాసి ఉండాలి. రాయని పనికి ఆన్‌లైన్‌లో బిల్లు కదలదు. ఆ ప్రణాళిక గ్రామసభలో రాయాలి. మీ ఊళ్ళో పోయిన గ్రామసభకి ఎంతమంది వచ్చారు?

నాగావళి_గట్టు
అడగకూడని ప్రశ్న అడిగారు మాస్టారూ. అమ్మని ఇప్పుడే ఫోన్లో అడిగాను. పదకొండు మంది, అందులో నలుగురు సచివాలయం స్టాఫ్, ఒకరు టీ తెచ్చినాయన. మిగతా సంతకాలు అటెండరు ఇంటింటికీ రిజిస్టరు పట్టుకుని తిరిగి పెట్టించాడంట. మా ఇంట్లో నా సంతకం కూడా ఉందంట. నేను ఆ రోజు విశాఖలో డ్యూటీలో ఉన్నాను.

పలాస_జీడిపిక్క
ప్రజాస్వామ్యం మీ ఇంటి గుమ్మం దాకా వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్తే అబద్ధం అంటావేటి.

చీపురుపల్లి_చిన్నోడు
😂 టీ తెచ్చినాయన ఒక్కడే పని చేశాడు ఆ సభలో

ఉద్దానం_కొబ్బరాకు
అందరూ నవ్వుతున్నారు గానీ 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు కదా, మా ఊళ్ళో నిజంగానే జనం వచ్చారు. ఉపాధి హామీ పనుల లిస్టు పైకి చదివారు. మా అత్త లేచి "ఆ కాలవ రెండేళ్ల కిందటే తవ్వేశాం, మళ్ళీ ఎవరు తవ్వుతారు" అంది. ఇంజనీరింగ్ అసిస్టెంటు తల గోక్కున్నాడు. లిస్టులోంచి కొట్టేశారు. తర్వాతి సభకి మళ్ళీ పదిహేను మందే. మా అత్త వచ్చింది లెండి.

నేపాల్_నుంచి_వచ్చా
ఇచ్ఛాపురం వాణ్ణి, నేపాల్‌లో మూడేళ్లు పనిచేసి వచ్చాను. పోలిక పెడితే తిడతారేమో గానీ పెడతాను. అక్కడ రాజు పోయింది 2008లో, కొత్త రాజ్యాంగం 2015లో, ఇరవై ఏళ్ల తర్వాత 2017లో స్థానిక ఎన్నికలు. మనకంటే కుర్ర ప్రజాస్వామ్యం. కానీ మొత్తం 753 స్థానిక ప్రభుత్వాలు, అక్కడ వాటిని ప్రభుత్వం అనే పిలుస్తారు. ప్రతి వార్డులో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ. ఊరి చిన్న తగాదాలు విని తీర్పు చెప్పే కమిటీకి ఉపాధ్యక్షురాలే పెద్ద. నేనున్న చోట ఆవిడ దగ్గరికి భర్తలు భయపడుతూ వచ్చేవారు.

బొబ్బిలి_గడియారం
అంత బాగుంటే 2025 సెప్టెంబరులో కుర్రాళ్ళు రోడ్డెక్కి ప్రధానిని ఎందుకు దించేశారు మరి?

నేపాల్_నుంచి_వచ్చా
అదే చెప్తున్నా, కోపం ఖాట్మండు మీద. మా వార్డులో బావి తవ్వించిన ఆవిడ మీద కాదు. అక్కడా డబ్బంతా పైనుంచే, అక్కడా లంచాలే, స్వర్గం అనలేదు. కాగితం మీద వాళ్ళకి ఇచ్చింది ఎక్కువ, అంతే. మనకి రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు, ఇవి పంచాయతీకి "ఇవ్వవచ్చు" అని. ఆ "వచ్చు" దగ్గరే మనం ముప్పై ఏళ్లుగా ఆగిపోయాం.

మన్యం_గాలి
మీరు మోటారు అంటున్నారు, మాకు రోడ్డు. సీతంపేట కొండ మీద ఊరు నాది. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని శ్రీకాకుళం నుంచి తీసి పార్వతీపురం మన్యంలో కలిపారు, కలెక్టరాఫీసు మారింది, డోలీ మారలేదు. పోయిన వానాకాలం మా వదినని పురిటికి డోలీలో దింపాం. వెదురు కర్రకి దుప్పటి కట్టి, నలుగురం భుజం మార్చుకుంటూ. సగం దారిలో వాన. కర్ర జారుతుందని మా అన్న తన లుంగీ విప్పి ముడేశాడు. ఇద్దరూ క్షేమం, ఆడపిల్ల.

మాకు పెసా చట్టం ఉంది, గిరిజన ప్రాంతాలుగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి అధికారాలిచ్చే చట్టం, 1996లో వచ్చింది, దానికి రాష్ట్రం నియమాలు రాయడానికి 2011 అయ్యింది. పదిహేనేళ్లు! దాని ప్రకారం మా గూడేనికి మా సొంత గ్రామసభ ఉండొచ్చు, భూమి తీసుకోవాలన్నా ఇసుక, రాయి తవ్వాలన్నా మమ్మల్ని అడగాలి. మా సర్పంచి మా మనిషే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆ కుర్చీ గిరిజనులకే. కానీ కొండ దిగితే అవతల గిరిజనులుండే ఊళ్ళు చాలా షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. వాళ్ళకి పెసా లేదు, మామూలు పంచాయతీలో రెండు వార్డులుంటాయి, మాట వినేవాడుండడు. ఒకే కులం, ఒకే పాట, ఒకే జ్వరం, చట్టం మాత్రం వేరు.

తోటపల్లి_తాత
పాపకి ఏం పేరు పెట్టారమ్మా?

మన్యం_గాలి
నేను మొగాణ్ణి తాతా 😄 వాన అని పెట్టారు.

సోంపేట_బీల
గ్రామసభలో అడగడం అంటే ఏంటో మాకు తెలుసు. బీలలో, అంటే మా చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు అన్నప్పుడు ప్రజాభిప్రాయ సేకరణలో జనం వద్దన్నారు. వద్దన్న మాట ఏ కాగితంలో కలిసిపోయిందో. 2010 జూలై 14న పోలీసు కాల్పులు, మనుషులు పోయారు. అదే రోజు పర్యావరణ అనుమతిని పైన అప్పీలు అథారిటీ కొట్టేసింది. పొద్దున్నే ఆ కబురు వచ్చుంటే అని ఇప్పటికీ అనుకుంటాం. బీల ఉంది, అందులో చేపలున్నాయి, తుంగ ఉంది. అక్కడ నిలబడినవాళ్ళలో వార్డు మెంబర్లున్నారు, సర్పంచులున్నారు, బిస్కెట్లు పంచేవాళ్ళే. గడియారం అన్నా, నిన్ను అనడం లేదు, అందరూ అనుకుంటారనే చెప్తున్నా.

బొబ్బిలి_గడియారం
అన్నావులే. సరే, పదవి తీసెయ్యాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఖాళీ విస్తరి మాట మాత్రం తీసుకోను. ఇంకోటి, జనం ఎన్నుకున్న సర్పంచిని కలెక్టరు ఒక ఆర్డరుతో సస్పెండ్ చెయ్యొచ్చు. తప్పు చేసినవాణ్ణి చెయ్యాల్సిందే. కానీ ఎమ్మెల్యేతో పడని సర్పంచికి ఆ భయం ఎలా ఉంటుందో మా మావయ్యని అడగండి, ఐదేళ్లూ నోరు విప్పలేదు.

నెల్లిమర్ల_నరసింహం
అసలు ప్రశ్న ఏకగ్రీవం గురించి కదా, అందరూ ఎటో వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ఏకగ్రీవం చేశాం, వేలం లేదు, మాట్లాడుకునే చేశాం. కొట్లాటలు లేవు, కేసులు లేవు, ఎన్నికల్లో మందు ఖర్చు లేదు. పోటీ పెడితే అన్నదమ్ములు ఐదేళ్లు పెళ్ళిళ్ళకి పిలుచుకోరు. ఏకగ్రీవం అంటే అందరూ ఎందుకు మండిపడతారో నాకర్థం కాదు.

సిరిమాను_63
మాట్లాడుకున్నది ఎవరు? ఆడవాళ్ళని పిలిచారా? కింద వీధి వాళ్ళని పిలిచారా?

నెల్లిమర్ల_నరసింహం
పెద్దలందరూ ఉన్నారు.

సిరిమాను_63
అదే అడిగింది.

రిటైర్డ్_కార్యదర్శి
2021లో ఏకగ్రీవానికి ప్రోత్సాహకం ప్రకటించారు, 2 వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5 వేల లోపు 10 లక్షలు, అలా 20 లక్షల దాకా. ఇష్టపడి చేసుకుంటే చట్టం కాదనదు. కానీ పదవిని వేలం వెయ్యడం నేరమే, గుడి కోసమైనా బడి కోసమైనా. ఇంకో సంగతి గమనించండి. గుడికి 8 లక్షలు కట్టి కుర్చీ ఎక్కినవాడు 3,000 గౌరవ వేతనంతో ఎలా తిరిగి రాబట్టుకుంటాడు? రాముడు ఇవ్వడు కదా.

పలాస_జీడిపిక్క
మా బాబాయికి 1999లో మూడో పిల్ల పుట్టింది. ఇద్దరు పిల్లల నిబంధన వల్ల అప్పట్నుంచీ నామినేషన్ వెయ్యలేకపోయాడు, పక్కవాళ్ళ చేత వేయించి ఊరేగింపులో మాత్రం ముందుండేవాడు. 2024లో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు బాబాయికి 71. మూడో పిల్ల ఆస్ట్రేలియాలో ఉంది, "నా వల్లే కదా నాన్నా ఇన్నాళ్లూ డబ్బు మిగిలింది" అంటుంది.

ఉద్దానం_కొబ్బరాకు
నాగావళి, మీ ఊరి లెక్క ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో ఎవరైనా చూడొచ్చు తెలుసా? రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు నొక్కితే ప్లాను, ఖర్చు వస్తాయి. ఇక్కడ ఏడవకుండా అది చూసి రా.

నాగావళి_గట్టు
(రెండు రోజుల తర్వాత)
చూశాను. ప్లానులో మా ఊరికి పధ్నాలుగు పనులున్నాయి. "సీసీ డ్రెయిన్" అని రెండు చోట్ల ఉంది, రెండోది మాకు లేని వీధి పేరుతో! పక్క ఊరి ప్లాను కాపీ కొట్టి పెట్టినట్టుంది. మోటారు రిపేరు, పైపు లీకులు, ట్యాంకు శుభ్రం, ఇవేవీ లేవు. తాగునీటి పద్దులో కొంత డబ్బు ఖర్చు కాకుండా అలాగే ఉంది. అమ్మకి ఫోను చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అంటే డబ్బులుండగా నేను గాజులు పెట్టానా" అంది.

ప్లాను ఎవరు రాశారంటే, కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లాడు రాశాడు, ఆ వారం అతనికి ఇంకో ఐదు సర్వేలున్నాయంట. అమ్మ డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది. మొదట్లో నాన్న "వాళ్ళే చూసుకుంటార్లే" అని ఇచ్చేశారు.

చీపురుపల్లి_చిన్నోడు
మోకాలు మంచిదే గానీ కొంచెం ఆలస్యంగా నొప్పెట్టింది.

సిరిమాను_63
ఆ పెన్‌డ్రైవ్ ముందు వెనక్కి తీసుకోమను. సంతకం ఇంకొకళ్ళ బీరువాలో ఉంటే సర్పంచి ఎవరన్నట్టు?

రిటైర్డ్_కార్యదర్శి
అవును. ఇంకా గడువుంది కాబట్టి గ్రామసభ పెట్టి ప్లానులో మార్పులకి తీర్మానం చెయ్యండి. దండోరా వేయించండి, నిజం దండోరా, వాట్సాప్ కాదు. నీళ్ళు పట్టుకునే వేళలో పెడితే ఆడవాళ్ళు రారు, ఉపాధి పని అయ్యాక సాయంత్రం పెట్టండి. తీర్మానం రిజిస్టరులో చివరి సంతకం కింద గీత కొట్టించండి. ఆ గీత లేకపోతే తర్వాత ఏమైనా చేరుతుంది, నేను చూశాను.

నాగావళి_గట్టు
అమ్మకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. డోలీ దగ్గర ఏడ్చింది. బాబాయి దగ్గర నవ్వింది. వేలం సంగతి రామాలయం అరుగు మీద కాదు, గ్రామసభలో అందరి ముందూ అడగమని పెద్దమనుషులకి చెప్తానంది. అడగరని నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. నిలబడుతుందా అంటే, రిజర్వేషన్ రానీ అంటోంది. నాన్న ఏమీ అనలేదు, పెన్‌డ్రైవ్ తేవడానికి తనే వెళ్తానన్నారు, అమ్మ వద్దంది.

ఇంకోటి అడగమంది మాస్టారూ. వైండింగ్‌కి ఇచ్చిన 4,800 వెనక్కి వస్తాయా?

రిటైర్డ్_కార్యదర్శి
బిల్లు ఉందా?

నాగావళి_గట్టు
సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు.

రిటైర్డ్_కార్యదర్శి
అది చెల్లదు. తేదీ వేసి, షాపు ముద్రతో, పంచాయతీ పేరున బిల్లు తెమ్మనండి. తీర్మానంలో ఆ పని కూడా చేర్చండి. వస్తాయని మాట ఇవ్వను, ప్రయత్నించండి.

పలాస_జీడిపిక్క
గాజులు విడిపించాక ఇక్కడ చెప్పు. అంతవరకూ ఈ చర్చ మూయొద్దు.